మామూలు మాటల పాత లెక్కలు

(నెల్లూరులో తెలుగు ఉపాధ్యాయులు, పుస్తకప్రియుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్షరాల్లో పెట్టాం.)

సభకు నమస్కారం.

మనం రోజూ వాడే మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం. వంటింట్లోంచే మొదలుపెడదాం. నూనె అనే మాటలో రెండు ముక్కలున్నాయి. నువ్వు ఒకటి, నెయ్యి ఒకటి. నూ, నె. అంటే నువ్వుల నెయ్యి. పాత ద్రావిడ భాషల్లో నెయ్ అంటే వెన్న కాచింది ఒక్కటే కాదు, జిడ్డుగా ఉండే ఏ పదార్థమైనా నెయ్యే. ఆ లెక్కన కొబ్బరినూనె అంటే కొబ్బరి నువ్వుల నెయ్యి. శనక్కాయల నూనె అంటే శనక్కాయల నువ్వుల నెయ్యి. ఇక నువ్వుల నూనె అన్నామంటే నువ్వుల్ని రెండుసార్లు గానుగలో వేసినట్టే. మాటలో నువ్వు కరిగిపోయి ఎవరికీ కనపడకుండా పోయింది కాబట్టే, అసలు నూనెకి మళ్లీ ‘మంచినూనె’ అని వేరే పేరు పెట్టుకోవాల్సొచ్చింది.

ఇదంతా చెవికి తోచిన పోలికేనా అంటే, కాదు. తమిళంలో ఎణ్ణెయ్ అంటారు. ఎళ్ అంటే నువ్వులు, నెయ్ అంటే నెయ్యి. సంస్కృతంలో తైలం. తిల అంటే నువ్వులు, తిలల్లోంచి వచ్చింది తైలం. మూడు భాషలు, మూడుచోట్లా నూనెకి నువ్వే పేరుపెట్టింది. వేరుశనగ దక్షిణ అమెరికా పంట. అది మన గానుగలోకి వచ్చేనాటికే నూనె అన్న మాట పాతబడిపోయింది.

చెంబు సంగతి చూడండి. చెం అంటే ఎరుపు. చెంగలువ, ఎర్రకలువ. చెంగావి, ఎర్రని కావిరంగు. ఎర్రగా ఉండే లోహం రాగి కాబట్టి చెంబు అంటే మొదట రాగి. తమిళంలో ఇప్పటికీ సెంబు అంటే రాగి కూడా, పాత్ర కూడా. మనకి లోహం పోయి పాత్ర మిగిలింది. అందుకే స్టీలు చెంబు అనగలుగుతున్నాం, ప్లాస్టిక్ చెంబు అని కూడా అంటున్నాం, రాగిచెంబు అని విడిగా చెప్పుకోవాల్సీ వస్తోంది.

మరి కెంపు? అదీ ఎరుపే. కెందామర అంటే ఎర్రతామర. ఒకచోట కె, ఒకచోట చె ఎందుకుంది? ఇక్కడ ఒక ధ్వనిసూత్రం ఉంది. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు పాత క తెలుగులో చ అయింది. కెంపు, కెందామరల్లో మాత్రం పాత క అలాగే నిలిచింది. కన్నడంలో కివి, మనకు చెవి. కన్నడంలో కెరె, మనకు చెరువు. అక్కడ కై, ఇక్కడ చేయి. అక్కడ కెడు, ఇక్కడ చెడు. ఒక్క జంటని చూపించి ఇది దానిలోంచి పుట్టిందంటే నమ్మనక్కర్లేదు. ఇలా వరస కుదిరితే నమ్మొచ్చు.

వరస అన్నాను కాబట్టి ఇంకొకటి. తమిళంలో ఏఴు, కోఴి, మేఴి అనే మాటలున్నాయి. నాలుక వెనక్కి మడిచి పలికే ఆ ఴ ఒకప్పుడు తెలుగులోనూ ఉండేది. రేనాటి చోళుల శాసనాల్లో దానికి విడిగా అక్షరముంది. తర్వాత అది మాట మధ్యలో డ అయింది. ఏడు, కోడి, నాగలి పట్టుకునే మేడి అలా వచ్చినవే. తమిళంలో ఉఴు అంటే దున్నడం. మనకు దున్ను, దుక్కి. మొదట్లో ఉన్న అచ్చు లోపలికి జరిగింది, ఴ ముందుకొచ్చి ద అయింది. ఉరల్ రోలైందీ, ఇరండు రెండైందీ ఇలాగే. ఈ మార్పుల్ని మొత్తం ద్రావిడ భాషలన్నిటికీ కలిపి శాస్త్రంగా నిలబెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1928లో ఒంగోలులో పుట్టారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన గ్రంథం 1961లో వచ్చింది. అదే ఏడాది బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడా వచ్చింది. 1984 నాటి రెండో కూర్పులో 5,500కు పైగా ఆరోపాలు, అంటే పద్దులు, ఉన్నాయి. ఒక్కో ఆరోపంలో ఒకే మూలానికి చెందిన మాటలు భాషలవారీగా వరసగా కనపడతాయి. తెలుగు మాట మూలం వెతికేవాళ్లు సంస్కృత నిఘంటువు కంటే ముందు తెరవాల్సింది దాన్ని. మనవాళ్లలో చాలామంది ఉల్టా చేస్తారు. ప్రతి మాటనీ సంస్కృతంలోంచి పీకి చూపిస్తే గౌరవమనుకుంటారు.

మూలం వెతకడానికి మూడు పరీక్షలు చాలు. ఒకటి, మాట పాత రూపమేమిటి, పాత అర్థమేమిటి. రెండు, చుట్టుపక్కల భాషల్లో దాని తోబుట్టువులున్నాయా. మూడు, ధ్వనుల మార్పు వరసకి కుదిరిందా. బయటినుంచి వచ్చిన వస్తువైతే నాలుగోది కూడా అడగాలి, ఆ వస్తువు ఇక్కడికి ఎప్పుడొచ్చింది అని.

మొదటి పరీక్షకి ఏరువాక చక్కగా పనికొస్తుంది. ఏరువాక పున్నమి అనగానే ఏరు అంటే నది కదా, నీళ్లొచ్చే కాలం కదా అని చెప్పేస్తారు. శబ్దరత్నాకరం అనే నిఘంటువు తెరవండి. 1885 నాటిది. అందులో సాధురేఫ, శకటరేఫ విడివిడిగా ఉంటాయి. నది అనే అర్థంలో ఏఱు, బండి ఱతో. కాడి కట్టి సిద్ధం చేసిన అరక అనే అర్థంలో ఏరు, మామూలు రతో. తమిళంలో కూడా నదికి ఆఱు, అరకకి ఏర్. ఏరువాకలో ఉన్నది మామూలు ర. అది అరక. ఏరువాక అంటే దుక్కి మొదలుపెట్టడం. మనం బడిపుస్తకాల్లోంచి బండి ఱని తీసేశాం. పలుకుబడిలో తేడా పోయింది కాబట్టి తీసేయడం తప్పు కాదు, కానీ మూలం వెతికేవాడికి అది వేలిముద్ర లాంటిది. అరసున్న కూడా అంతే. నాఁగలి అని రాసుంటే అక్కడొకప్పుడు ముక్కుతో పలికే ధ్వని ఉండేదని అర్థం.

ఇప్పుడు కచేరీ మాటల, అంటే సర్కారు ఆఫీసుల్లోని మాటల దగ్గరికొద్దాం. నాకు వీటి దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలనిపిస్తుంది. నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల కింద ఉండి 1801లో కుంఫిణీ చేతికి వచ్చింది. పై అధికారి మారాడు. లెక్క రాసే కరణం మారలేదు, లెక్కల్లోని మాటలూ మారలేదు. అందుకే మన భూమి కాగితాల్లో పారశీకం, అరబ్బీ, తమిళం, ఇంగ్లీషు ఒకే వరసలో కూర్చుని ఉంటాయి.

రైతు. అరబ్బీలో రఇయ్యత్ అంటే మేతకి తోలే మంద. కాపరి ఏలుబడిలో ఉన్నది. అందులోంచి రాజు ఏలుబడిలో ఉన్న ప్రజలు అనే అర్థమొచ్చింది. మనదేశంలోకి వచ్చాక శిస్తు కట్టే సేద్యగాడు అయింది. మన సొంత మాటైన కాపు అంటే కాచేవాడు. ఒకే మనిషిని ఒక మాట కాచేవాడంది, ఇంకో మాట కాయబడేవాడంది. చివరికి కాపు కులం పేరుగా నిలిచిపోయింది, అన్ని కులాల సేద్యగాళ్లకీ కలిపి రైతే దిక్కైంది.

తహసీలు అంటే వసూలు చేయడం. తహసీల్దారు అంటే వసూలు చేసేవాడు. కలెక్టరు అంటే ఇంగ్లీషులో అదే. ఒకే ఉద్యోగానికి రెండు భాషల్లో ఒకే పేరు, కుర్చీలే పైనా కిందా. అరబ్బీలో మాటలకి మూడు హల్లుల చట్రం ఉంటుంది. తహసీలులో ఉన్నది హ-స-ల. అదే చట్రంలోంచి మహసూల్ అనే మాట వచ్చింది, అర్థం రాబడి. అదే మన మాసూలు. కోస్తాలో కోతలైపోయి పంట ఇంటికి చేరడాన్ని మాసూళ్లంటారే, అది. పంట ఇంటికి తేవడమూ పన్ను కచేరీకి పట్టడమూ ఒకే ధాతువు.

తాలూకా కూడా చూడండి. అరబ్బీ తఅల్లుక్ అంటే సంబంధం. ఫలానా దొరకి సంబంధించిన భూమి తాలూకా. 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయాయి గానీ మాట అసలు అర్థం మన నోట్లో చెక్కుచెదరలేదు. ‘వాళ్లెవరి తాలూకు?’ అని పెళ్లిలో అడుగుతాం. జిల్లా అంటే అరబ్బీలో పక్కటెముక, పక్క. రాజ్యానికి ఒక పక్క.

మామూలు మీద కొంచెం ఆగుదాం. మఅమూల్ అంటే చేస్తూ వస్తున్నది, ఆనవాయితీ. అమలు కూడా ఇదే చట్రం, అ-మ-ల, చేయడం. ఆనవాయితీగా జరిగేది కాబట్టి సాధారణం అనే అర్థమొచ్చింది. ఆనవాయితీగా ఇచ్చే డబ్బు కాబట్టి బహువచనంలో మామూళ్లయింది. గమనించండి, ఏకవచనం శుద్ధంగానే ఉంది. ‘అంతా మామూలే’ అంటే ఎవరికీ కోపం రాదు. చెడ్డపేరంతా బహువచనానికే. సమాజం తప్పుని తప్పుగా కాకుండా అలవాటుగా చూసిన కాలం ఆ ‘ళ్లు’ దగ్గర అచ్చుపడిపోయింది.

రాజీనామా. రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. ఉత్తరాదిన ఇప్పటికీ రాజీనామా అంటే ఇద్దరు తగాదా పరిష్కరించుకుని రాసుకునే ఒప్పందం. కొలువు వదిలేయడాన్ని వాళ్లు ఇస్తీఫా అంటారు. మనకెందుకు మారింది? రైత్వారీ పద్ధతిలో శిస్తు కట్టలేని రైతు భూమిని సర్కారుకి వదిలేస్తూ రాసిచ్చే కాగితం పేరు రాజీనామా. నా సమ్మతితోనే వదులుతున్నాను అని. భూమి వదలడం కాస్తా కొలువు వదలడమైంది. బందోబస్తు కూడా ఇలాంటిదే. కట్టి బిగించడం దాని అర్థం, మన కట్టుదిట్టం లాగా. మొదట శిస్తు ఖాయం చేసే ఏర్పాటు, ఇప్పుడు తిరునాళ్లలో పోలీసులు.

అడంగల్ తమిళం. అడంగు అంటే లోపల ఇమడడం. పొలాల వివరమంతా ఇమిడిన లెక్క. తెలంగాణలో దాన్నే పహాణీ అన్నారు, అది మరాఠీ. ఒకే కాగితానికి రెండు పేర్లు. మద్రాసు కింద ఉన్నదెవరు, నిజాం కింద ఉన్నదెవరు అన్నది ఆ పేరే చెప్తుంది. ఫసలీ అంటే పంటకి సంబంధించింది. జులై 1న మొదలై జూన్ 30తో ముగిసే ఏడాది. పాత కాగితంలో ఫసలీ ఉంటే జులై నుంచి డిసెంబరు మధ్య తేదీకి 590, జనవరి నుంచి జూన్ మధ్య తేదీకి 591 కలపండి, క్రీస్తుశకం వస్తుంది. 2025 జులైలో మొదలైంది ఫసలీ 1435. కలపడంలో ఏడాది పొరపాటు పడితే దస్తావేజు తేదీలు ఒకదానికొకటి పొసగవు, అక్కడే తగాదాలు పుడతాయి.

పంటకాలాల పేర్లు కూడా అరబ్బీవే. ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. పంట కోతకొచ్చే రుతువు పేరు పంటకి పెట్టారు. ఉత్తరాదికి అవి అతికినట్టు సరిపోతాయి. నెల్లూరికి సరిపోవు. మనకి పెద్దవానలు ఈశాన్యం నుంచి అక్టోబరు, నవంబరులో వస్తాయి. పెద్దపంట అప్పుడు నాటుతాం. అది కోశాక, ఎండాకాలంలో నీళ్లుంటే వేసేది ఎడగారు. ఎడ అంటే నడుమ, కారు అంటే కాలం, పంట. రెండు పంటకాలాల నడుమది. కారులోని క సంధిలో గ అయింది. గోదావరి సీమలో పంటకాలాలని సార్వా, దాళ్వా అంటారు.

సంస్కృతం నుంచి వచ్చినవి వేరే రకంగా దారి తప్పాయి. రూపం చెక్కుచెదరదు, అర్థం జరుగుతుంది. వ్యవసాయం అంటే సంస్కృతంలో గట్టి నిశ్చయం, పూనిక. గీతలో ‘వ్యవసాయాత్మికా బుద్ధిః’ అన్నది సేద్యపు బుద్ధి గురించి కాదు. హిందీలో అదే మాట వ్యాపారమైంది, మనకు సేద్యమైంది. ఉద్యోగం అంటే ప్రయత్నం, సన్నాహం. ఈ ఊరివాడే అనదగ్గ తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వంలో ఎవరికీ జీతాలుండవు, యుద్ధానికి సన్నద్ధం కావడం ఉంటుంది. సాహసం ధర్మశాస్త్రాల్లో బలాత్కారంతో చేసే నేరం, ఇప్పుడు దానికి పతకాలిస్తున్నాం. ముష్టి అంటే పిడికిలి. పిడికెడు బియ్యం వేస్తారు కాబట్టి బిచ్చమైంది, అడిగేవాడికీ అదే పేరొచ్చింది, చివరికి తిట్టయింది.

హిందీ నుంచి అనువదించేవాళ్లు ఎక్కువగా కాలుజారేది ఇక్కడే. వాళ్ల అవసర్ మన అవకాశం. వాళ్ల అవకాశ్ మన సెలవు. వాళ్ల శిక్షా చదువు, మన శిక్ష దండన. వాళ్ల ఆలోచన విమర్శ. వాళ్ల ఉపన్యాస్ నవల. నేనిప్పుడు ఇస్తున్నదాన్ని హిందీవాళ్లకి ఉపన్యాసమని చెప్తే నవల చదివి వినిపించానని అనుకుంటారు. మాట తెలిసినట్టు కనపడితేనే నిఘంటువు చూడాలి. తెలియని మాట మనల్ని ఎటూ ఆపి చూడమంటుంది.

కంపు ఒకటి చెప్పి వదిలేస్తాను. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం. కమ్మని అనే మాట దాని బంధువే. ఇప్పుడు కంపు అంటే ముక్కు మూసుకుంటాం. వాసన కూడా అదే దారిలో నడుస్తోంది. ‘ఏందో వాసనొస్తా ఉంది’ అంటే ఎవరూ మల్లెపూల కోసం వెతకరు.

జేబు. దీని ప్రయాణం వింతైంది. అరబ్బీలో జైబ్ అంటే అంగీ మెడ దగ్గర చీలిక, రొమ్ము దగ్గర వస్తువులు దాచుకునే చోటు. పారశీకం మీదుగా ఉర్దూలోకి, మనకి వచ్చింది. ఇదే మాట ఇంకో దారిన లెక్కల పుస్తకంలోకి దూరింది. 499 నాటి ఆర్యభటీయంలో వృత్తఖండం మీద అర్ధజ్య పట్టిక ఉంది. జ్య అంటే వింటినారి, దానికే ఇంకో పేరు జీవ. అరబ్బీ పండితులు దాన్ని తర్జుమా చేయకుండా జీబ అని రాసుకున్నారు. అరబ్బీ రాతలో హ్రస్వ అచ్చులు రాయరు, హల్లుల చట్రమే కనపడుతుంది. తర్వాత చదివినవాళ్లకి జీబ అనే మాట తెలియదు, జైబ్ తెలుసు. అలాగే చదివారు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి తెచ్చినవాళ్లు జైబ్‌కి సైనస్ అని తర్జుమా చేశారు, బట్ట మడత, ఒడి అని. అదే మన పదో తరగతి సైన్. లెక్కల మాస్టార్లు సైన్ తీటా రాసినప్పుడల్లా జేబు అని రాస్తున్నారన్నమాట, అది కూడా పొరపాటున.

నాలుగో పరీక్ష, వస్తువు ఎప్పుడొచ్చింది అన్నది, మిరపకాయకి పనికొస్తుంది. మిరప అమెరికా మొక్క. పోర్చుగీసువాళ్లు వచ్చిన తర్వాతే, అంటే 1498 తర్వాతే ఇక్కడికొచ్చింది. అంతకుముందు ఘాటు కావాలంటే మిరియమే. కొత్త ఘాటుకి పాత ఘాటు పేరునే సాగదీశారు. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్, హిందీలో మరిచం నుంచి మిర్చి. మూడుచోట్లా ఒకే పని జరిగింది. అందుకని ఎవరైనా శ్రీనాథుడి కాలపు వంటలో మిరపకాయ కారం గురించి చెప్తే అనుమానించండి.

ఉర్లగడ్డ కూడా వచ్చిన పంటే. తమిళంలో ఉరుళైక్కిళంగు, దొర్లే గడ్డ. గుండ్రంగా ఉంటుంది కదా. నెల్లూరు, చిత్తూరు వైపు తమిళం దారిన వచ్చింది. కృష్ణా, గోదావరి వైపు బంగాళదుంప, అంటే బెంగాలు దారిన వచ్చిందని. తెలంగాణలో ఆలుగడ్డ, ఉర్దూ దారిన. సరుకు ఏ దారిన వచ్చిందో పేరు చెప్తోంది. ప్రకాశం జిల్లా ఈ దారుల కూడలి. చీరాల వైపు దుంపా పాయా వినపడతాయి, దక్షిణానికీ పడమటికీ వచ్చేకొద్దీ ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ. పొలిమేర ఎక్కడుందో తేల్చాలంటే సంతలో కూరగాయలమ్మే మనిషి ఏ పేరుతో కేకేస్తుందో ఊరూరా రాసుకుంటే చాలు.

ఇక కొలతలు. ఇక్కడ మాట అర్థం తెలియకపోతే డబ్బు పోతుంది. నెల్లూరులో వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే ఇప్పుడు 850 కిలోలు. కానీ పుట్టి అసలు బరువు కాదు, పరిమాణం. పాత పట్టిక ప్రకారం రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే 320 మానికలు. 850ని దీంతో భాగిస్తే మానికకి సుమారు 2.66 కిలోలు, తూముకి 42.5 కిలోలు. ఐదు తూములు ఏదుము, పది తూములు పందుము. ఐదుకి పాత మాట ఏను, అది ఏదుములో దాక్కుంది. కొలిచే పాత్ర ఉన్నంతకాలం పచ్చివడ్లైనా ఎండువడ్లైనా పుట్టి పుట్టే. కాటా వచ్చాక తేమ లెక్కకొచ్చింది. పరిమాణం బరువుగా మారగానే తరుగు అనే బేరం పుట్టింది. పుట్టి అన్ని జిల్లాల్లోనూ ఒకటి కాదు, బేరమాడేటప్పుడు కిలోల్లో అడిగి రాయించుకోవాలి.

అంకణం మరీ జాగ్రత్త. ఇంట్లో రెండు దూలాల మధ్య జాగా అంకణం. మూడంకణాల ఇల్లు అంటే ఇల్లెంతుందో వినేవాడికి తెలిసేది. ఇంటి లోపలి మాట కాస్తా ఇంటిస్థలం కొలత అయింది. ఒకచోట అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. ఇంకోచోట 36 అడుగులు, అంటే 4 గజాలు. ఊరు మారితే సగానికి సగం తేడా. అంకణం ధర విని చవకనుకుంటే అంతే సంగతులు. దస్తావేజులో చదరపు గజాలు ఎన్నో చూడండి. గజం పారశీకం గజ్, ఏనుగుతో సంబంధం లేదు. సెంటు ఇంగ్లీషు, ఎకరంలో నూరోవంతు, 48.4 చదరపు గజాలు. అత్తరు సెంటు వేరే మాట. ఒకేలా వినపడినంత మాత్రాన ఒకటే అనుకోకూడదనడానికి ఇవి సులువైన ఉదాహరణలు.

మాటలు మన దగ్గర్నుంచి బయటికీ పోయాయి. ఇంగ్లీషు బ్యాండికూట్ మన పందికొక్కు. ఆనికట్ అన్నది తమిళ అణైక్కట్టు, మన ఆనకట్ట. సంగం దగ్గర పెన్న మీద కట్టినదాన్ని ఇంగ్లీషువాళ్లు ఆనికట్ అని రాస్తే మనవాళ్లు అది ఇంగ్లీషు మాటనుకుని తిరిగి వాడారు. చెరువులో మిగులునీరు పోయే కలుజు కూడా తమిళం నుంచి వచ్చిందే. అన్నిటికంటే దూరం పోయింది మాత్రం నెల్లూరు. బ్రెజిల్‌లో మాంసం పశువుల్లో ఎక్కువభాగం నెలోర్ జాతివి. అవి మన ఒంగోలు జాతి. ఒంగోలు ఎడ్లకి నెల్లూరు పేరెందుకు? ఆ పశువులు 19వ శతాబ్దంలో ఓడలెక్కేనాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది, 1970లో విడిగా ఏర్పడిన జిల్లాకి, అంటే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టినదానికి, ముఖ్యపట్నమైంది. ఇక్కడ సరిహద్దు మారింది, అక్కడ పేరు మారలేదు. ఒంగోలువాళ్లు నొచ్చుకోవాల్సిన పనిలేదు, తప్పు కలెక్టరాఫీసుది.

కొత్త మాటలు కూడా మన కళ్ల ముందే మారుతున్నాయి. రొయ్యల గుంటల దగ్గర సీడు అంటే రొయ్యపిల్లలు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. వంద కౌంటు అంటే ఒక్కోటి పది గ్రాములు, ముప్పై కౌంటు అంటే ముప్పైమూడు గ్రాములు. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. కొత్తగా విన్నవాళ్లు ఉల్టా అర్థం చేసుకుంటారు. ఇక వనామీ. 2009లో మనదేశంలో దాన్ని పెంచడానికి అనుమతి వచ్చిన కొద్దికాలానికే అది ఇంటిమాటైపోయింది. వన్నామై అనేది ఆ రొయ్య శాస్త్రీయనామంలో భాగం. వాన్ నేమ్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త ఇంటిపేరు మీద పెట్టారు. ఇందుకూరుపేటలో వనామీ వేశామన్నవాళ్లు ఆయన ఇంటిపేరే పలుకుతున్నారు. ఇంకో వందేళ్లకి ఎవరో వనం, మీనం కలిపి దీనికి సంస్కృత వ్యుత్పత్తి చెప్పకుండా ఉండాలంటే ఈ సంగతి ఇప్పుడే రాసిపెట్టాలి.

రాసేదెలాగో చెప్తాను, మీ పిల్లలచేత చేయించొచ్చు. ఒక మాటకి ఒక చీటీ. మాట ఎలా పలికారో అలాగే రాయాలి, దిద్దకూడదు. ‘మిరక్కాయ’ అంటే మిరక్కాయ అనే రాయాలి. దాని కింద ఆ మనిషి వాడిన పూర్తి వాక్యం. అర్థం మాత్రమే రాసి వాక్యం వదిలేయడం అందరూ చేసే తప్పు, వాక్యం లేకపోతే రేపు అర్థం సరిచూడలేం. తర్వాత ఊరు, మండలం, మాట్లాడినవారి వయసు, పని. పేరు అక్కర్లేదు. వస్తువైతే కొలతలు, దేంతో చేశారు, ఏ ముక్కని ఏమంటారు. కొలతైతే కిలోల్లోనో గజాల్లోనో ఎంత. ‘దీన్ని ఫలానా అంటారు కదా’ అని మనమే మాట అందించకూడదు, మర్యాదకి అవునంటారు. వస్తువు చూపించి ఇదేంటని అడగాలి. ఆ తర్వాత 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం చూడండి, రెండూ ఆంధ్రభారతి సైటులో వెతకొచ్చు. వ్యవసాయపు మాటలకి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవాళ్ల మాండలిక వృత్తిపదకోశం ఉంది, మొదటి సంపుటం 1962లో వచ్చింది. వాటిలో లేని మాట దొరికితే ఆ చీటీని పదిలంగా పెట్టండి.

(సభలోంచి ప్రశ్న: నెల్లూరు అంటే ఉసిరి ఊరా, వడ్ల ఊరా?)

అడుగుతారనే అనుకున్నానండి. నెల్లి అంటే ఉసిరి. మూలస్థానేశ్వరుడి లింగం ఉసిరిచెట్టు కింద దొరికిందనే స్థలపురాణం మీకు తెలిసిందే. తమిళంలో నెల్ అంటే వడ్లు, వడ్ల ఊరు అన్నది రెండో వాదన. ఇందాకటి పరీక్షలు పెట్టి చూడండి. నెల్లి, ఊరు కలిస్తే ఇకారం లోపించి నెల్లూరు, తెలుగు సంధికి సరిపోయింది. నెల్, ఊర్ కలిస్తే హ్రస్వం తర్వాత లకారం రెట్టించి నెల్లూర్, తమిళ సంధికీ సరిపోయింది. తోబుట్టువులు రెండింటికీ ఉన్నాయి. వడ్లు పండే నేల కదా అన్నది సాక్ష్యం కాదు, ఉసిరి కూడా ఇక్కడ పెరుగుతుంది. విక్రమసింహపురి అనే పాత పేరు ఈ విషయంలో ఏ సాయమూ చేయదు, అది వేరే పేరు. తేలాలంటే ‘నెల్లియూర్’ అనో ‘నెల్‌ఊర్’ అనో రెండు ముక్కలూ కలవకుండా చెక్కిన పాత రాయి ఒకటి కావాలి. మీ ఊరి గుళ్లో సున్నం కొట్టేసిన శాసనాలేవైనా ఉంటే, రంగు మళ్లీ వేయకముందే ఫొటో తీసిపెట్టండి. వెలుతురు పక్కనుంచి, ఏటవాలుగా పడేట్టు, ఉదయమో సాయంత్రమో తీయండి. మధ్యాహ్నం తీస్తే అక్షరం లోతు కనపడదు.